మరణ ప్రకటనలో మా అమ్మ ఎక్కడుంది?

సంపాదకులు గారికి నమస్కారములు.

గత నెలలో మా అమ్మ తన 88వ ఏట నల్లకుంటలోని మా ఇంట్లో కన్నుమూసింది. దశదిన కర్మకు బంధుమిత్రులను ఆహ్వానిస్తూ పత్రికలో ప్రకటన వేయించాము. ఫొటో, పేరు, ఫలానా వారి ధర్మపత్ని అన్న మాట, తేదీ, ఫంక్షన్ హాలు చిరునామా, కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్ల పేర్లు. పేపరు చేతిలోకి తీసుకున్న మా అమ్మాయి, "ఇందులో అమ్మమ్మ ఎక్కడుందమ్మా?" అని అడిగింది. ఆ ప్రకటన రాసిచ్చింది నేనే కాబట్టి ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.

మా అమ్మ హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండలో పుట్టి పెరిగింది. ఆమె నాలుగో తరగతి వరకు చదివిన సర్కారు బడిలో పాఠాలన్నీ ఉర్దూలోనే జరిగేవి, తెలుగు మాత్రం ఇంట్లో తాతయ్య పలక మీద దిద్దించారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసేనాటికి ఆమెకు పదకొండేళ్లు. పదిహేనో ఏట పెళ్లయింది. తెలుగుకు ఆదరణ కరువైన కాలంలో, 1943లో మొదలైన ఆంధ్ర సారస్వత పరిషత్తు నడిపే తెలుగు పరీక్షల గురించి పొరుగింటావిడ చెప్పగా విని, ముగ్గురు పిల్లల సంసారంలో ఉంటూనే ప్రాథమిక, ప్రవేశ పరీక్షలు దాటి, చివరకు నన్ను ఒళ్లో పెట్టుకుని చదివి విశారద కూడా ఉత్తీర్ణురాలైంది. అందుకు కావలసిన పుస్తకాలను సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం నుంచి నాన్నగారు తెచ్చి ఇచ్చేవారు. ఆ తరువాత మా వాడలో దూరాన ఉన్న కొడుకులకు ఉత్తరం రాయించుకోవాలన్నా, వచ్చిన జాబు చదివించుకోవాలన్నా ఆడవాళ్లు మా గుమ్మంలోకే వచ్చేవారు.

వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద ఆమె పాల లెక్క రాసేది. పాలవాడి పేరు గుండ్రని తెలుగు అక్షరాల్లో ఉండేది, పక్కన లీటర్లు మాత్రం ఉర్దూ అంకెల్లో ఉండేవి. మనవరాలు ఒకసారి కారణం అడిగితే, "బడిల నేర్చుకున్న అంకెలు బిడ్డా, వేరేవి రాస్తే లెక్క తప్పినట్టనిపిస్తది" అన్నది. రెండు లిపులు ఒకే గడిలో ఇమిడిన ఆ చేతిరాత ఈ నగరపు చరిత్రలో భాగమని నేను మనసారా నమ్ముతున్నాను. అటువంటి చేతులు ఇప్పుడు ఒక్కొక్కటిగా వెళ్లిపోతున్నాయి.

అందుకే మీకు ఒక విన్నపం చేస్తున్నాను. వారానికి ఒక రోజు హైదరాబాద్ జిల్లా పేజీల్లో కొద్దిపాటి చోటు కేటాయించి, పేరు ప్రఖ్యాతులు లేని సామాన్య స్త్రీల జీవితాలను వారి కుటుంబాల చేతనే రాయించి, రుసుము తీసుకోకుండా ప్రచురించండి. పుట్టిన ఊరు, చదివిన బడి, చేసిన కష్టం, ఎవరికి ఏ విధంగా ఆసరా అయ్యారన్న సంగతి, ఇంతే చాలు. జొన్నరొట్టెలు చేసి అమ్మి పిల్లలను చదివించిన తల్లులున్నారు, ఆస్పత్రుల్లో ఆయాలుగా పనిచేసి ఎన్నో పురుళ్లకు సాయంగా నిలిచిన వారున్నారు. వారి సంగతులు చెప్పగలిగిన పిల్లలే ఇప్పుడు వృద్ధాప్యంలో పడ్డారు, నాకే అరవై దాటాయి.

మీరు సమ్మతిస్తే మా అమ్మ గురించి రాసి, ఆ క్యాలెండర్ కాగితం నకలుతో సహా పంపుతాను. అసలుది మా అమ్మాయి దగ్గర ఉంది. ఆ అంకెలను ఇప్పుడు తాను నేర్చుకుంటోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్