దోమల వింతలు సరే, డ్రైన్ల సంగతేంటి?

అయ్యా,

ఆగస్టు 20, ప్రపంచ దోమల దినం నాడు మీ వింతలు-విశేషాల శీర్షికలో ‘తీపి రక్తం ఉన్నవాళ్లనే దోమలు కుడతాయి’ అని అచ్చేశారు. వారం దాటినా సవరణ లేదు. రక్తం తీపో చేదో దోమకు పట్టదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడును దూరం నుంచే పసిగట్టి, దగ్గరికొచ్చాక ఒంటి వేడిని, చెమట వాసనను బట్టి వాలుతుంది. అదీ ఆడదోమే, గుడ్లకు మాంసకృత్తులు కావాలి గనక. 1897లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. అసలు ఆ రోజు పెట్టిందే అందుకు! ఆ ముక్క మాత్రం వేయలేదు.

వింతే కావాలంటే బోదకాలు గురించి రాయండి. మన గోదావరి డెల్టాకు అది పాత చుట్టం. దాని పిల్లపురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దాన్ని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. అందుకే గాజు పలక మీద రక్తపు చుక్క తీసేది రాత్రిపూట. మావైపు శిబిరం పెట్టి పగలు 11 గంటలకు తీసుకెళ్లారు, అందరికీ ‘లేదు’ అని రాసిచ్చారు. ఎందుకుంటుంది? రక్తపు చుక్కతో అక్కడికక్కడే తేల్చే స్ట్రిప్ పరీక్షకైతే వేళతో పనిలేదు, అది తేలేదు.

దోమలకు పొగ కొట్టే మునిసిపాలిటీ పొగబండి కూడా అదే వేళకు వస్తుంది, ఫొటోలకు వెలుతురు కావాలి కాబోలు. 19 లీటర్ల డీజిల్‌కు లీటరు మలాథియాన్ అనే దోమల మందు కలిపి కొట్టే ఆ పొగ, గాలి ఆడని సాయంత్రమో తెల్లవారుజామునో అయితే నేలబారున పాకుతుంది. ఎండెక్కితే కొబ్బరి మట్టలు దాటి పైకి పోతుంది. పోనీ తగిలినా చచ్చేది ఎగిరే దోమే. నీళ్లలో ఉన్న దోమ పిల్లలకు చీమ కుట్టినట్టైనా ఉండదు. ఈ వేడికి గుడ్డు దోమయ్యేందుకు 7 నుంచి 10 రోజులు చాలు.

క్యూలెక్స్ పుట్టేది నిలిచిన మురుగులో. పారే నీట్లో పిల్లలు నిలవవు. సైడు డ్రైన్లో పూడిక తీసి గట్టునే పోసి పోతారు, ఒక్క వానకు మళ్లీ లోపలికి. తీసిన బిల్లొకటి, జారినదాన్ని తీసిన బిల్లొకటి. ఎక్కడ వాటం తప్పి గుంట పడిందో చూసి సరిచేసే ఇంజినీరు మాత్రం కనపడడు.

ఇళ్లవాళ్లం చేయాల్సిందీ ఉంది. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం మూతికి నైలాన్ దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి తీగతో బిగించాలి. నూలు గుడ్డ చివికిపోతుంది, ఇనుప జాలీ తుప్పు పడుతుంది. ట్యాంకు మూత పలకల సందుల్లో సిమెంటు పూయాలి. ఈ గొట్టాల్లోంచే దోమలు వేలల్లో వస్తాయి. కొబ్బరి దింపు అయ్యాక తోటలో మిగిలే బొండాం డొప్పలు, ఎలుక కొట్టి రాలిన కాయలు బోర్లించాలి. వాటిలో పెరిగేది డెంగీ దోమ, పగలు కుట్టేది. దాని గుడ్లు నీరెండినా నెలలపాటు చావవు, అందుకే పాత్రల్లో నీళ్లు పారబోసి ఊరుకోక, లోపలి గోడలు పీచుతో రుద్దాలి. శుక్రవారం పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమనే ‘ఫ్రైడే డ్రైడే’ బోర్డు రాసినవాళ్లు ఈ రుద్దే మాట రాయలేదు.

మీ విలేకరిని ఒక రాత్రి 10 దాటాక మా డ్రైను పక్కన నిలబెట్టండి. పొగబండి వేళ సాయంత్రం ఆరు తర్వాతకు ఎందుకు మారదో అధికారులనడిగి, వాళ్ల జవాబు అచ్చేయండి.

– ఒక పాఠకుడు, పాలకొల్లు