తెలుగు విశ్వవిద్యాలయం చరిత్ర 1985తో మొదలు కాలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

తెలుగు విశ్వవిద్యాలయం పేరు మార్పు గురించి, రెండు రాష్ట్రాల మధ్య దాని పంపకం గురించి చర్చ జరిగినంతగా దాని పుట్టుపూర్వోత్తరాల గురించి జరగలేదు. ఎక్కడ చదివినా, ఎవరు మాట్లాడినా 1985 డిసెంబరు 2 అన్న తేదీతోనే కథ మొదలవుతున్నది. ఆ తేదీ నిజమే కాని, ఆనాడు కొత్తగా పుట్టింది చట్టమూ పాలకవర్గమూ మాత్రమే. లోపల జరుగుతున్న పనిలో చాలా భాగం అంతకు ఎన్నో ఏళ్ల ముందు వేర్వేరు చేతులు మొదలుపెట్టినదే.

తెలుగు భాషా సమితి 1947లో మద్రాసులో ఏర్పడింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. విషయానికొక సంపుటం చొప్పున తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని తేవాలని ఆ సమితి పూనుకున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1957లో వచ్చింది. సంగీత నాటక అకాడమి, లలిత కళా అకాడమి తమ తమ రంగాలలో పని చేశాయి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన మీదట అంతర్జాతీయ తెలుగు సంస్థ ఏర్పడింది. ఎన్. టి. రామారావు గారి ప్రభుత్వం అకాడమీలను రద్దు చేసినప్పుడు రచయితల్లో, కళాకారుల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. వాటి బాధ్యతలను, తక్కిన సంస్థలను ఒక గొడుగు కిందికి తెచ్చి, ఆచార్య తూమాటి దోణప్ప గారిని తొలి ఉపాధ్యక్షునిగా (వైస్ ఛాన్సలర్‌గా) నియమించి విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పారు. భాష పేరిట ఇటువంటి విద్యాపీఠం అంతకు నాలుగేళ్ల ముందే తంజావూరులో తమిళులకు ఏర్పడింది. మన దానికి మాత్రం పుట్టుకతోనే ఇన్ని సంస్థల వారసత్వం వచ్చింది.

ఆ వారసత్వం విలువ నాకు తెలిసింది మా ఇంట్లోనే. మాది చేనేత కుటుంబం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకత్వం వహించిన మాండలిక వృత్తి పదకోశాన్ని సాహిత్య అకాడమి ప్రచురించింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. ఆ రెండో సంపుటం కొని తెచ్చి మా నాన్నగారికి చదివి వినిపించాను. పడుగు, పేక, ఆసు, కండె, నాడె అంటూ మగ్గం గుంటలో రోజూ వాడే మాటలు అచ్చులో ఉన్నాయంటే ఆయన మొదట నమ్మలేదు. ఒక మాట దగ్గర నన్ను ఆపి, "ఇది మన వైపు మాట కాదురా" అన్నారు. చూస్తే ఆ మాట పక్కన వేరే జిల్లా పేరే ఉంది. ఊరూరా తిరిగి, నేతగాళ్ల నోట విని, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తించి రాసుకున్న శ్రమ అది. ఆ వరుసలో తరువాత వచ్చిన కొన్ని సంపుటాలను విశ్వవిద్యాలయం ప్రచురించింది.

కిందటేడు ఒక పెద్ద గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం సంపుటాలను అడిగితే, సమితి ప్రచురించినవి ఒకచోట, విశ్వవిద్యాలయం ప్రచురించినవి మరొకచోట ఉన్నాయి. రెండింటికీ సంబంధం ఉందన్న సంగతే అక్కడివారికి తెలియదు. నేను వారిని తప్పుపట్టలేదు. ఆ సంబంధాన్ని వివరించే పుస్తకమేదీ వారి చేతికి అందలేదు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. 1998లో పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టుకున్న ఈ విశ్వవిద్యాలయానికి 2025లో తెలంగాణ ప్రభుత్వం సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టింది. ఇద్దరూ మహనీయులే, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బెంగ అంతా కాగితాల గురించే. శ్రీశైలం, రాజమహేంద్రవరం, కూచిపూడి పీఠాలు ఒక రాష్ట్రంలో ఉన్నాయి, హైదరాబాదు, వరంగల్లు పీఠాలు మరొక రాష్ట్రంలో ఉన్నాయి. భవనాలు, ఉద్యోగులు, నిధులు లెక్కకు వస్తాయి. పాత అకాడమీల సమావేశాల పుస్తకాలు, పద సేకరణ చీటీలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, నాటక సంగీత కార్యక్రమాల ఛాయాచిత్రాలు ఎవరి లెక్కలోకీ రాకుండా బీరువాల అడుగున ఉండిపోతే, అవి చెదలు పట్టిన తరువాత ఏ ప్రభుత్వమూ తిరిగి తేలేదు.

అందువల్ల ఉభయ రాష్ట్రాల అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. విలీనమైన ప్రతి సంస్థకు చెందిన రికార్డులకు జాబితా తయారు చేయించి, వాటిని స్కాన్ చేయించి, ఒక్కొక్క ప్రతిని రెండు రాష్ట్రాలలోనూ భద్రపరచాలి. ఆ సంస్థల్లో పని చేసిన పెద్దలు కొందరైనా మన మధ్య ఉండగానే వారి అనుభవాలను రికార్డు చేయించి, సంస్థల వారీగా చరిత్ర రాయించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
మంగళగిరి.