మా గానుగకు నాలుగు మాటలు రాయించిన పెద్దాయనకు కృతజ్ఞతలు

పేరు రాయొద్దని ఆయన గట్టిగా చెప్పినారు కాబట్టి రాయడం లేదు. ఆర్టీసీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. అనంతపురంలో మా గానుగ నూనె యూనిట్‌కు చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు, నూనె కొనుక్కోడానికి వచ్చినారు, అంతే. అలసటతో కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాయకుండా నిద్ర పట్టేలా లేదు. మా సంస్థ విలువల కాగితం మీద ఈరోజు అందరమూ సంతకాలు పెట్టినాం, వేలిముద్రలతో సహా. సార్, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాం.

విలువలంటే నిజాయితీ, నాణ్యత అని గోడకు తగిలించేవే అందరికీ గుర్తొస్తాయి. ఆయన వాటి జోలికే పోలేదు. బిల్లు బుక్కు, వాపసు సరుకు పుస్తకం, కూలి పుస్తకం ముందర పెట్టమన్నారు. నష్టం వస్తుందని తెలిసీ ఏ పని చేసినారో, లాభం కనపడుతున్నా దేన్ని వద్దన్నారో అందులో వెతకమన్నారు. ఒక్కో సంగతికి ఒక్కో చీటీ. దాని మీద మూడు ప్రశ్నలు: ఏం జరిగింది, ఎంత పోయింది, మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే చేస్తామా? మూడోదానికి అందరూ అవునంటేనే ఆ చీటీ ఉంటుంది.

మాట్లాడే వరస కూడా ఆయనే పెట్టినారు. తక్కువ కూలి తీసుకునేవాళ్లు ముందు, ఓనర్లు చివర. ఓనరు ముందు నోరు తెరిస్తే మిగతావాళ్లు తలూపడం తప్ప ఇంకేమీ చేయరు. గింజలు ఏరే అక్కకు చదువు రాదు. ఆ పెద్దాయన ఆమె పక్కన గోనెసంచి మీద కూర్చొని, ఆమె మాటను ఆమె యాసలోనే తన చేత్తో రాసి, చదివి వినిపించి, "ఇట్లేనా తల్లీ నువ్వు చెప్పింది, ఏమన్నా మార్చల్లా?" అని అడిగినారు. ఆమె రెండుసార్లు మార్పించింది. ఓపిగ్గా రెండుసార్లూ కొట్టేసి మళ్లీ రాసినారు. ఆ తల్లికి అంత మర్యాద ఎవరూ ఇవ్వగా మేం చూడలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

తర్వాత వడపోత. ఒక మాటకు వ్యతిరేకమైనది కూడా మర్యాదస్తుడైన వ్యాపారి ఎంచుకోగలిగితేనే అది విలువ, లేకుంటే అలంకారం. "మోసం చేయం" అనేది కొట్టివేతకు పోయింది, ఎందుకంటే మోసం చేస్తామని ఎవరూ రాసుకోరు. "రైతు డబ్బు సరుకు దిగిన రోజే" నిలబడింది, ఎందుకంటే వారం గడువు పెట్టుకునే మంచి వ్యాపారులూ ఉన్నారు. చేతిలో డబ్బు లేని రోజు సరుకు తక్కువ కొంటాం అని దాని కింద రాసినాం.

రెండోది: "తేమ 8 శాతం దాటిన వేరుశనగ పప్పు ఎంత చవకైనా వద్దు." తేమ ఎక్కువైతే బూజు, బూజుతో ఆఫ్లాటాక్సిన్ అనే విషం. చెడ్డ గింజలు ఏరితే చాలావరకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. గానుగ నూనెను తేర్చి వడకట్టడమే తప్ప రిఫైన్ చేయం కాబట్టి గింజ దగ్గరే ఆపాల. మూడోది: "నింపేది గీత చూసి కాదు, కాటా మీద." లీటరు వేరుశనగ నూనె 30 డిగ్రీల దగ్గర సుమారు 910 గ్రాములు. మన మే నెల ఎండకు వ్యాకోచిస్తుంది, 40 డిగ్రీలప్పుడు గీత వరకు నింపితే ఆరు గ్రాముల దాకా తక్కువ పోతుంది. నాలుగోది: "చెప్పిన టైము దాటితే కూలి రెట్టింపు." ఇక్కడ ఆయన "మనమంతా ఒకే కుటుంబం" అనే చీటీని తీసేయించినారు. ఆ మాట రాసుకున్న చోట ఓవర్‌టైం అడగడానికి పనివాళ్లు మొహమాటపడతారంట. నూటికి నూరుపాళ్లు నిజం.

ప్రతి మాట కింద ఎవరు, ఎంతవరకు నిర్ణయించొచ్చో రాయాల. డెలివరీ పిల్లోడు 500 రూపాయల లోపు సరుకు ఎవర్నీ అడక్కుండా మార్చివ్వొచ్చు. ఈ అధికారం లేకుంటే మిగతాదంతా కాగితమే. రెండు విలువలు కొట్లాడుకుంటే ఏది ముందో కూడా రాయాల: తినేవాళ్లు, పనిచేసేవాళ్లు, రైతులు, చివర మా లాభం. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి 1943లో రాబర్ట్ వుడ్ జాన్సన్ రాసిన ఒక్క పేజీలోనూ వైద్యులు, నర్సులు, సరుకు వాడేవాళ్లు ముందు, వాటాదారులు ఆఖరు. 1982లో షికాగోలో ఎవరో వాళ్ల నొప్పి మాత్ర టైలెనాల్‌లో సైనైడ్ కలిపి ఏడుగురు చనిపోతే, ఆ కంపెనీ సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించింది. వరస ముందే రాసిపెట్టుకోవడం ఎందుకో అది చెప్తుంది.

చెడేది ఎక్కడంటే, ఓనరు తన బంధువు కోసం మొదటిసారి సడలించినప్పుడు. ఆరునెలలకొకసారి కొత్త చీటీలతో మళ్లీ కూర్చోమన్నారు.

ఒక బాధ చెప్పక తప్పదు. లోను రిపోర్టులో విలువల కోసం ఒక పేజీ ఉంటుంది, ఇంగ్లీషులో రెడీమేడ్ పేరా అతికిస్తే ఒప్పుకుంటారు. రైతుకు ఎప్పుడు కడతావని ఒక్కరూ అడగరు. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం ప్రకారం చిన్న యూనిట్లకు రావాల్సిన డబ్బు రాతపూర్వక ఒప్పందమున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదు చేస్తే ఆర్డరు పోతుంది కదా, ఎవరు చేస్తారు? రైతుకు ఆరోజే ఇచ్చి, పెద్ద కొనుగోలుదారు దగ్గర నెలలు ఎదురుచూడాలంటే చిన్నవాళ్లు విలువలు ఎట్ల నిలబెట్టుకుంటారు?

పెద్దాయన ఫీజు తీసుకోలేదు. నూనె ఊరికే ఇస్తామంటే బిల్లు రాయించి, పూర్తి ధర కట్టి తీసుకుపోయినారు.

ఇంట్లోవాళ్లకు వేరే చెప్పేదేముంది, వాళ్లు ఉన్నారు కాబట్టే ఇదంతా.

అయ్యో, తేమ మీటరు అరువిచ్చిన మండీ అన్నకు, కాటాకు ముద్ర ఎప్పుడు వేయించాలో గుర్తుచేసిన పక్క షాపాయనకు థాంక్స్. తెలుగు అక్షరాలు విరిగిపోతుంటే కాగితాన్ని మళ్లీ మళ్లీ ప్రింటు తీసిచ్చిన జిరాక్స్ తమ్మునికి కూడా. చీటీలు కత్తిరించిన పిల్లలూ ఉన్నారు, వాళ్ల పేర్లు రేపు అడిగి రాస్తాం.