మన గురువారం లేఖ ఇల్లు మారుతోంది

చందాదారులందరికీ నమస్కారం. తిరుపతి నుంచి ప్రతి గురువారం ఉదయం మీ ఈమెయిలుకు వచ్చే మన మామిడి లేఖ ఆగస్టు చివరి గురువారం నుంచి కొత్త ఇంటర్నెట్ వేదిక మీదుగా వస్తుంది. మండీ ధరల పట్టిక, తెగుళ్ల సమాచారం, మీ ప్రశ్నలకు తోటి రైతులు ఇచ్చే జవాబులు అన్నీ ఇకపై అక్కడే ఉంటాయి. చందా పెరగదు, ఏడాదికి 480 రూపాయలే. అయితే ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్లే ఆటోపే ద్వారా నెలనెలా 40 రూపాయలు కడుతున్న వారు ఒక పని చేయవలసి ఉంది, దాన్ని కింద వివరంగా రాశాను. అంతకంటే ముందు జూన్‌లో జరిగిన పొరపాటు గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ వారం లేఖ అందక ఇబ్బంది పడిన వారిలో చాలామందికి నేను ఇంతవరకు సరైన సమాధానం ఇవ్వలేదు.

జూన్ రెండో వారంలో, తోతాపురి రకం మామిడి కోతలు ఊపందుకుంటున్న సమయంలో, మీకెవరికీ ముందుగా చెప్పకుండా ఒక లేఖను కొత్త వేదిక నుంచి పంపాను. పాత వేదికకు డాలర్లలో కట్టే వార్షిక రుసుము గడువు ఆ నెలాఖరుకు ఉండటంతో, ఈలోపే మారిపోతే ఆ డబ్బు మిగులుతుందని తొందరపడ్డాను. ఉదయం 6 గంటలకు లేఖ పంపి నిశ్చింతగా కూర్చున్నాను. 10 గంటలు దాటాక పాకాల వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఏం నాయనా, ఈ వారం లేఖ రాలేదే, రేటు చూసుకోకుండానే కాయ కోయించేసినా" అన్నారు. అప్పటికే ఆయన ట్రాక్టరు దామలచెరువు మండీ దారిలో ఉంది. ఆ తర్వాత వరుసగా ఫోన్లు వచ్చాయి. లేఖ చాలామందికి స్పామ్‌లోకి వెళ్లింది, కొందరికి అసలు చేరనే లేదు.

తప్పు పూర్తిగా నాదే. మన పేరు మీద వెళ్లే ఈమెయిలు నిజంగా మనమే పంపామని జీమెయిల్ వంటి సంస్థలు నమ్మడానికి ఎస్పీఎఫ్, డీకిమ్ అనే రెండు ధ్రువీకరణలు ఉంటాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నిబంధనలను కఠినం చేశాయి. రోజుకు 5,000కు మించి లేఖలు పంపేవారికి షరతులు ఎక్కువ, కానీ మనలాంటి చిన్నవారికి కూడా ఈ రెండింటిలో కనీసం ఒకటి సరిగ్గా ఉండి తీరాలి. మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గర టోకెన్ లేని ట్రాక్టరును లోపలికి పంపరు కదా, ఇదీ అంతే. డీకిమ్ కోసం ఇచ్చే తాళంచెవి వంద అక్షరాలకు పైగా సాగే ఒకే వరుస. దాన్ని నేను మన ఈమెయిలు చిరునామా సెట్టింగుల్లో అతికించినప్పుడు చివరి ముక్క తెగిపోయింది, సరిచూసుకోలేదు. దానికి తోడు, కొత్త చిరునామా నుంచి మొదటిసారి పంపేటప్పుడు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని తెలిసి కూడా మొత్తం జాబితాకు ఒకేసారి పంపాను. ఆ మధ్యాహ్నమే పాత వేదిక నుంచి లేఖను మళ్లీ పంపాను కానీ, మధ్యాహ్నం వచ్చిన ధర ఉదయం కోసిన కాయకు పనికిరాదు. ఆ వారం జరిగిన దానికి మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాను. అందరి చందా గడువును ఒక నెల పొడిగించాను, దానికి మీరు ఏమీ చేయనక్కరలేదు.

ఇంత జరిగాక మళ్లీ మారడం అవసరమా అని కొందరు అడిగారు. అవసరమే అనుకుంటున్నాను. పాత వేదికలో చందాదారుల సంఖ్య పెరిగినకొద్దీ రుసుము డాలర్లలో పెరుగుతూ వచ్చింది, మీరు మాత్రం రూపాయల్లో కడతారు. చర్చలో పాల్గొనాలంటే వాళ్ల యాప్ వేసుకోవలసిందేనన్న షరతు పెట్టాక, అరవై దాటిన రైతులు చాలామంది మాట్లాడటం మానేశారు. లేఖకు ఏళ్లుగా విలువ తెచ్చిపెట్టింది వాళ్ల మాటలే కాబట్టి, నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇదే. పైగా ఇతరుల వేదిక మీద ఉన్నప్పుడు అది ఎప్పుడు మూతపడుతుందో మన చేతుల్లో ఉండదు. ట్విట్టర్ 2021లో కొన్న రెవ్యూ అనే లేఖల వేదిక 2023 జనవరి 18న మూతపడింది. ఎందరో చిన్న రచయితలు వాడిన టైనీలెటర్ 2024 ఫిబ్రవరి 29న ఆగిపోయింది. వాటిని నమ్ముకున్నవారు గడువులోగా తమ జాబితాలను, పాత లేఖలను బయటికి తెచ్చుకోవలసి వచ్చింది.

మనం వెళ్తున్న వేదిక పేరు ఘోస్ట్. 2013లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, చందాలో వాటా తీసుకోదు. సబ్‌స్టాక్ అనే మరో లేఖల వేదిక అయితే చందాలో 10 శాతం తీసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రేపు ఘోస్ట్ కూడా మనకు సరిపడకపోతే చందాదారుల జాబితాను, లేఖలన్నింటినీ ఫైళ్లుగా దించుకుని బయటికి రావచ్చు.

ఇక డబ్బు విషయం. ఘోస్ట్, సబ్‌స్టాక్ రెండూ చందాలకు స్ట్రైప్ అనే చెల్లింపు సంస్థ మీద ఆధారపడతాయి. స్ట్రైప్ 2024 నుంచి భారతదేశంలో ఆహ్వానం ఉన్న వ్యాపారాలకే కొత్త ఖాతాలు ఇస్తోంది, మనకు అది లేదు. అందువల్ల చందాను విడిగా యూపీఐ ద్వారా తీసుకుని, కట్టినవారి పేర్లను నేనే వేదికలో నమోదు చేస్తాను. ఇప్పుడు నెలనెలా కడుతున్నవారి ఆటోపే అనుమతి పాత వేదికకు జోడించిన చెల్లింపు గేట్‌వేలో, అంటే డబ్బు వసూలు చేసే సేవలో, నమోదై ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, పదేపదే జరిగే చెల్లింపులకు ఖాతాదారు స్వయంగా అనుమతి ఇవ్వాలి, ప్రతిసారీ డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా సమాచారం రావాలి. మీరు ఒకచోట ఇచ్చిన అనుమతిని నేను తీసుకుని వేరొకచోట పెట్టడం కుదరదు, కుదరకూడదు కూడా.

బాగా ఆలోచించి, ఆటోపే పద్ధతిని పూర్తిగా మానేయాలని నిర్ణయించాను. ఇకపై ఏడాదికి ఒకసారి, గడువుకు పది రోజుల ముందు నేను గుర్తుచేస్తాను. ఇష్టమైతే క్యూఆర్ కోడ్ ద్వారా 480 రూపాయలు కట్టవచ్చు, లేకపోతే వదిలేయవచ్చు. దీనివల్ల కొందరు చందాదారులు తగ్గుతారని నాకు తెలుసు. అయినా లేఖ చదవడం మానేసి ఏడాదైనా, ఖాతాలోంచి నెలకు 40 రూపాయలు పోతున్న సంగతి గమనించని వారు మనలో ఉన్నారని ఈ జాబితా సర్దుతుండగా తెలిసింది. ఆ డబ్బు తీసుకోవడం నాకు సరి అనిపించలేదు. అలాంటివారికి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను, కావాలంటే తిరిగి ఇచ్చేస్తున్నాను. నేను ఆగస్టు 20 తర్వాత నా వైపు నుంచి ఆటోపేలన్నీ రద్దు చేస్తాను. మీరు కూడా ఫోన్‌పే లేదా గూగుల్ పేలో ఆటోపే విభాగం తెరిచి, అక్కడ మన లేఖ పేరు ఇంకా కనిపిస్తే రద్దు చేయండి. ఇప్పటికే ఏడాది చందా కట్టినవారి మిగిలిన నెలలు అలాగే కొనసాగుతాయి.

జాబితా సర్దడం గురించి ఒక మాట. పాత వేదిక నుంచి దించిన ఫైలును ఎక్సెల్‌లో తెరవగానే, తెలుగులో ఉన్న మీ పేర్లన్నీ తోకలు, కొమ్ములు ఉన్న విదేశీ అక్షరాలుగా మారిపోయి కనిపించాయి. 91తో మొదలయ్యే ఫోన్ నంబర్లు 9.19 అని మొదలై చివర ప్లస్ 11 అని ముగిసే లెక్కలుగా మారాయి. అలాగే భద్రపరిస్తే నంబరులోని చివరి అంకెలు తిరిగిరావు. అదృష్టవశాత్తూ అసలు ఫైలు ఒకటి విడిగా దాచి ఉంచాను కాబట్టి ఎవరి వివరాలూ పోలేదు. ఈసారి ప్రతి పేరునూ పాత జాబితాతో పోల్చి చూశాము. మా అమ్మాయి చదువుతుంటే నేను టిక్కు పెట్టాను, ఆ పనికి మూడు సాయంత్రాలు పట్టింది.

చర్చల విషయంలో నేను చాలా తర్జనభర్జన పడ్డాను. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇస్తాయని ప్రకటన వచ్చినప్పుడు, ఏ గేటు దగ్గర ఎంత ఇస్తున్నారో, క్యూ ఎంత పొడవుందో, టోకెన్ ఎన్నో రోజుకు వచ్చిందో మీరే రోజూ రాశారు. తేనెమంచు పురుగు పట్టిన పూతను ఒక బంగారుపాళ్యం రైతు ఫొటో తీసి పెడితే, దాని కింద నలభై మందికి పైగా తమ అనుభవం రాశారు. ఇవన్నీ పోగొట్టుకోకూడదనే నా కోరిక. అయితే ఆ మాటలు మీవి, మీ పేర్లతో ఉన్నాయి. కాబట్టి మీలో ఎవరు అనుమతి ఇస్తే వారి మాటలనే కొత్త చోట పెడతాను. సమాధానం ఇవ్వనివారి మాటలను నా దగ్గర భద్రంగా ఉంచుతాను గానీ ప్రచురించను. ఫొటోల విషయంలో ఒక లోటు ఉంది: కొత్త వేదికలో చర్చ కింద మీరు నేరుగా ఫొటో పెట్టే ఏర్పాటు మనకు లేదు. ఆకు, పూత, కాయ ఫొటోలను లేఖకు జవాబుగా పంపితే, అదే రోజు నేను పెడతాను. దీనికి ఇంతకంటే మంచి మార్గం దొరికేవరకు ఈ ఇబ్బంది తప్పదు.

అసలు వాట్సాప్ గ్రూపు పెడితే సరిపోతుంది కదా అని పదే పదే అడుగుతున్నారు. గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు, ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది, గత ఏడాది ఇదే వారం ధర ఎంతో వెతకాలంటే శుభోదయం బొమ్మల మధ్య వెతకాలి. లేఖ ఈమెయిలుగానే ఉండాలన్నది నా అభిప్రాయం.

ధరల పట్టిక విషయంలో మాత్రం ఒక మార్పు చేస్తున్నాను. జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన లేఖను మధ్యలో కత్తిరించి, మిగతాది చూడటానికి ఒక లింకు ఇస్తుంది. కంప్యూటరు నిల్వ చేసే పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. మామిడి అన్న మాటకు తెలుగులో 18 బైట్లు, అదే అర్థమున్న ఇంగ్లీషు మాటకు 5. కాబట్టి మన లేఖ ఇంగ్లీషు లేఖల కంటే త్వరగా ఆ హద్దును తాకుతుంది, చివర పెట్టిన ధరల పట్టిక చాలాసార్లు తెగిపోయింది. వేదిక మారినా ఈ హద్దు మారదు. అందుకే ఇకపై పట్టిక లేఖ మొదట్లోనే ఉంటుంది, పొడవైన వ్యాసాల మిగతా భాగం వేదిక మీద చదువుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి దామలచెరువు తిరుపతి జిల్లాలోకి వెళ్లి, బంగారుపాళ్యం చిత్తూరు జిల్లాలోనే ఉండటం వల్ల పాత పట్టికల్లో గందరగోళం ఉండేది. వాటిని జిల్లాల వారీగా కాక మండీల వారీగా సర్దాను.

పాత లేఖలు అన్నీ ఒకేసారి కనిపించవు. మొదటి రెండేళ్ల లేఖలు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కూర్చినవి. వాటిని ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు క్రావడి (ర వత్తు) పక్క అక్షరానికి దూకుతోంది. బూడిద తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం అని రాసిన చోట 'గామ్రుల' అని వచ్చింది. అక్షరం తప్పయితే చదివేవారు సర్దుకుంటారు, మోతాదు తప్పయితే పూత మాడిపోతుంది. కాబట్టి మందుల ప్రస్తావన ఉన్న ప్రతి లేఖనూ నేను అక్షరం అక్షరం చదివాకే పెడతాను. డిసెంబరులో పూత మొదలయ్యేలోగా తెగుళ్ల లేఖలు పూర్తి చేస్తాను, మిగతావి ఆ తర్వాత.

కొత్త చిరునామా నుంచి ఈ వారం మీకు ఒక చిన్న పరీక్ష లేఖ వస్తుంది. ఈసారి రోజుకు కొద్దిమందికే పంపుతున్నాను కాబట్టి ఒకరికి సోమవారం, మరొకరికి శనివారం రావచ్చు. అది ప్రమోషన్స్‌లోనో స్పామ్‌లోనో ఉంటే బయటికి తీసి, "అందింది" అని ఒక్క మాట జవాబు రాయండి. పాత మాటల ప్రచురణకు అనుమతి ఇస్తున్నారో లేదో కూడా అందులోనే రాయవచ్చు. ఆగస్టు మూడో గురువారం లేఖ రెండు చోట్ల నుంచీ వస్తుంది. చివరి గురువారం ఉదయం 7 గంటలకల్లా లేఖ అందకపోతే, మీ దగ్గర ఉన్న పాత నంబరుకే ఫోన్ చేయండి. ఆ రోజు ఉదయమంతా నేను ఫోన్ దగ్గరే ఉంటాను, ధర నోటితోనే చెబుతాను.