ట్రైలర్ కొనాలా వద్దా అన్నావుగా

విశాఖపట్నం,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు మీ బావమరిదిని తిట్టడానికే సరిపోయింది. చివర్లో అసలు సంగతి: "డ్రైవర్ లేని బండ్లు వస్తాయంట, ఇప్పుడు అప్పు చేసి రెండు ట్రైలర్లు కొంటే మునుగుతానా?" అని. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

వస్తాయంట ఏంట్రా, వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులో 1993 నుంచే తిరుగుతున్నాయి. క్యాబిన్ ఉండదు, స్టీరింగ్ ఉండదు. చక్రాలు బిగించిన పెద్ద బల్ల అనుకో. నేలలో పాతిన ట్రాన్స్‌పాండర్లే, అంటే సిగ్నల్ ఇచ్చే చిన్న పరికరాలే, దారి చూపిస్తాయి. క్రేన్ కిందికెళ్లి కంటైనర్ డబ్బా ఎక్కించుకుంటుంది, యార్డులో దింపొస్తుంది. మళ్లీ అదే పని, రాత్రీ పగలూ. సింగపూర్ వాళ్లు టువాస్‌లో కడుతున్న రేవు 2040ల్లో పూర్తయితే ఏడాదికి ఆరున్నర కోట్ల ఇరవై అడుగుల డబ్బాలు పడతాయట. అక్కడా ఇలాంటి బండ్లే.

మరి ఇన్నేళ్లయినా అవి గేటు దాటి బయటికి ఎందుకు రాలేదు? లోపల నేల చదును, దారి ఒకటే, అడ్డం వచ్చేవాడు ఉండడు. బయట మన హైవే సంగతి నీకు నేను చెప్పాలా? సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగతా సగంలో రాంగ్‌సైడ్ ఆటో. పైగా ఆ దేశాల్లో డ్రైవర్ జీతాలు ఎక్కువ కాబట్టి ఆ మిషన్ల ఖర్చు గిట్టుబాటవుతుంది. ఇక్కడ డ్రైవర్‌కి బత్తాతో కలిపి నువ్విచ్చేదెంత? దానికోసం కోట్లు పోసి మిషన్ కొనేవాడెవడు?

మన దేశంలో దీనికి సరిగ్గా సరిపోయిన చోటు కేరళలోని విళింజం రేవు. 2025 మేలో ప్రారంభించారు. యార్డు క్రేన్ల మీద మనిషి ఉండడు, గదిలో తెర ముందు కూర్చుని నడుపుతారు. వాళ్లలో పక్కనున్న జాలరి ఊళ్ల ఆడపిల్లలు కూడా ఉన్నారు. నాకు భలే నచ్చిన విషయం అది. అక్కడికొచ్చే సరుకులో ఎక్కువ భాగం ఓడలో వచ్చి ఇంకో ఓడలో పోతుంది, లారీ అవసరమే లేదు. ఇన్నాళ్లూ అలాంటి మన సరుకు కొలంబోకో సింగపూర్‌కో పోయి అక్కడ ఓడ మారేది. అందుకే ఈ ఆటోమేషన్‌కి మార్కెట్ ఉందంటే ముందు అలాంటి చోట్లే అంటాను.

నిజంగా నిన్ను టెన్షన్ పెట్టాల్సింది రైలు. పడమటి సరుకు రవాణా కారిడార్‌లో, అంటే సరుకు రైళ్ల కోసమే వేసిన లైన్లో, కరెంటు తీగల కిందే డబ్బా మీద డబ్బా పెట్టి నడుపుతున్నారు. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకి ఇంకో కారిడార్ అని 2021 బడ్జెట్‌లో చెప్పారు. అది పడిన రోజు దూరపు కిరాయిలు పోతాయి. కానీ ప్లాంటు నుంచి రేవుకి రొయ్యల రీఫర్‌ని, అంటే ఫ్రిజ్ లాంటి డబ్బాని, తీసుకెళ్లేది రైలు కాదుగా! ఆ కిరాయి నీదే.

నీ డబ్బు పోయేది గేటు దగ్గర. మొన్న చూశాను: లైన్లో ఆగిన బండి, డబ్బాని చల్లగా ఉంచే జెనరేటర్ గుయ్యిమంటూ డీజిల్ తాగుతోంది, డ్రైవర్ చక్రం నీడలో స్టవ్ పెట్టుకుని చారు కాస్తున్నాడు. సీలు నంబరు కాగితంలో ఒకటి, డబ్బా మీద ఒకటి. ఒక్క అంకె తేడాకి ఆరు గంటలు! గేటు దగ్గర నంబరు చదివే కెమెరాలు పెడితే ముందు బాగుపడేది నీలాంటివాడే.

కాబట్టి ఒకటి కొను, రెండోది వచ్చే ఏడాది చూద్దాం. చాసిస్ చూడ్డానికి వెళ్లేటప్పుడు నన్ను తీసుకెళ్లు. పెయింట్ చూసి పడిపోకు. నాలుగు మూలలా డబ్బాని పట్టి ఉంచే లాకులు చేత్తో తిప్పి చూడాలి, తుప్పు పట్టిందంటే వద్దనేద్దాం. మీ బావమరిదిని మాత్రం తీసుకురాకు.

నీ
రమణ