మ్యూనిక్ నుంచి హనుమకొండ దాకా మా బిడ్డ జాకెట్‌కి సాయపడ్డ అందరికీ

మా చిన్న బిడ్డ షూటింగ్ జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లౌజు, రైఫిల్ స్టాండు అన్నీ క్షేమంగా ఇంటికి చేరాయి. నేను రెండు నెలలుగా కనిపించిన ప్రతి ఒక్కరి బుర్రా తిన్నాను కాబట్టి "ఏమైంది, వచ్చాయా?" అని అడుగుతున్న వాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా. సాయం చేసిన వాళ్లలో కొందరు సర్కారు కొలువుల్లో ఉన్నారు, పేర్లు వద్దన్నారు, అందుకని ఎవరి పేరూ రాయట్లేదు, చదివితే ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మా బిడ్డ ఆడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఎదురుగా 10 మీటర్ల దూరంలో టార్గెట్, దాని నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, పెన్ను మొనతో పెట్టినంత. ఐదు కిలోల దాకా ఉండే రైఫిల్ ఎత్తి నిలబడి, 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. ఎదిగే పిల్లల నడుము ఏం కావాలి? అందుకే కాన్వాసు, తోలు కలిపి కుట్టిన ఆ మందపాటి జాకెట్. అది ఫ్యాషన్ కాదు, నడుముకి ఆసరా. పాతది రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, పిల్ల పొడుగైంది, భుజాలు పట్టేసి చెయ్యి పైకి లేవట్లేదు. పిస్టల్ అయితే ఈ జాకెట్ గొడవే ఉండదు, మన హైదరాబాద్ పిస్టల్ షూటర్ ఇషా సింగ్‌ని చూసి పిస్టల్ పట్టుకుంటుందని నేను ఆశపడ్డా గానీ ఈ పిల్లకి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ కాంస్యం వీడియోలే నచ్చాయి, ఇంక చేసేదేముంది. మన వరంగల్‌లో క్రికెట్ బ్యాట్ కావాలన్నా షటిల్ రాకెట్ కావాలన్నా చౌరస్తాలో దొరుకుతుంది, ఇది మాత్రం దొరకదు.

మా బావమరిది మ్యూనిక్‌లో ఉంటాడు, ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు. 2025 జూన్‌లో వెళ్దామని టికెట్లు తీసుకున్నాక తెలిసింది, సరిగ్గా అదే సమయంలో అక్కడ షూటింగ్ వరల్డ్ కప్ అని, రేంజ్ దగ్గర ఈ సామాను అమ్మే స్టాళ్లు కూడా ఉంటాయని. ఇక మా ఇంట్లో లిస్టు తయారీ మొదలైంది. జాకెట్, ప్యాంటు సరే, గురి చూసే వెనక సైటు, పెల్లెట్ల (ఎయిర్ రైఫిల్ గుళ్ల) డబ్బాలు, రైఫిల్‌కి గాలి ఇచ్చే స్పేర్ సిలిండరు, ట్రిగ్గర్ భాగాలు, ఒక పేజీ నిండింది.

అందరికంటే ముందు థ్యాంక్స్ చెప్పాల్సింది హైదరాబాద్‌లో మా బిడ్డకి నేర్పే సార్‌కి. ఆదివారం సెంట్రల్ యూనివర్సిటీ రేంజ్ బయట చాయ్ తాగుతూ నా లిస్టు చేతిలోకి తీసుకుని సగానికి పైగా కొట్టేశారు. సైటు, ట్రిగ్గర్ వద్దు, అవి తుపాకీ భాగాల కిందికి వస్తాయి, దిగుమతి అంటే లైసెన్సు, రైఫిల్ అసోసియేషన్ సిఫారసు, ఆ దారి వేరు. పెల్లెట్లు వద్దు, ఇక్కడే డీలర్ దగ్గర దొరికే వాటి కోసం ఎయిర్‌పోర్టులో ఎందుకు నిలబడతారు? సిలిండర్ అసలే వద్దు, గ్యాస్ సిలిండర్ అనగానే విమానం వాళ్లు పట్టుకుంటారు, పైగా దానికి పదేళ్ల గడువు ఉంటుంది, పాత స్టాకు అంటగడితే అంతే సంగతులు. "ఒంటి మీద వేసుకునేవీ, స్టాండూ తెచ్చుకోండి అన్నా, మిగతావి నేను చూసుకుంటా" అన్నారు. ఆ రోజు నా మొహం మాడిపోయిన మాట నిజం. అడిగితే చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు, వద్దని చెప్పి ఎందుకు వద్దో కూడా చెప్పేవాళ్లు తక్కువ. శంషాబాద్‌లో బ్యాగు తెరిచినప్పుడు ఆ వద్దుల విలువ తెలిసింది. ఇంకో మాట కూడా చెప్పారు: జాకెట్ గట్టిగా ఉందని సంబరపడి కొనొద్దు, పోటీల్లో పరికరం పెట్టి చూస్తారు, ఒక పొర మందం 2.5 మిల్లీమీటర్లు దాటితే అంత ఖరీదు జాకెట్టూ చెక్‌లోనే ఆగిపోతుంది.

రెండోది జమ్మికుంట అమ్మాయి. మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో ఎంఎస్ చదువుతోంది. షూటింగ్ రేంజ్ ఉన్న హోఖ్‌బ్రూక్ స్టేషన్‌కి వాళ్ల యూనివర్సిటీ మెట్రోలో రెండు స్టాపులే. మాకు చుట్టం కాదు, పక్కాలు కాదు, మా బావమరిది భార్యకి తెలుగు వాళ్ల ఉగాది ఫంక్షన్‌లో పరిచయం, అంతే. సమస్య ఏమిటంటే జాకెట్ కావాల్సిన పిల్లేమో హనుమకొండలో ఇంటర్ క్లాసుల్లో ఉంది, జాకెట్ ఏమో అక్కడుంది. టేపుతో కొలతలు రాసుకుని పోయాం గానీ రేంజ్ దగ్గర జాకెట్లు అమ్మే స్టాల్ పెద్దాయన ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు, మనిషి కావాలి అన్నాడు. ఈ అమ్మాయి ఎత్తు, భుజాలు అచ్చం మా బిడ్డలాగే. ఫోన్ చేస్తే ల్యాబ్ నుంచి అరగంటలో వచ్చేసింది.

ఆ తర్వాత జరిగింది చూడాల్సిందే. పెద్దాయన ఆమెకి జాకెట్ తొడిగి, బటన్లు పెట్టి, చేతులు కిందికి వదిలి పిడికిలి బిగించమన్నాడు. జాకెట్ అంచు పిడికిలి కింది భాగం దాటకూడదు, అది రూలు. తర్వాత బటన్లు తీసి రెండు అంచులూ ఒకదాని మీదికి ఒకటి లాగి స్కేలు పెట్టాడు, మామూలుగా పెట్టిన దానికంటే ఇంకో 70 మిల్లీమీటర్లు మీదికి రావాలట. ఒకదానికి రాలేదు, పక్కన పెట్టేశాడు. రైఫిల్ లేదు కాబట్టి నా గొడుగు ఇచ్చాం, ఆ అమ్మాయి గొడుగు చెంపకి ఆనించి నిలబడితే ఇక్కడి నుంచి మా బిడ్డ వీడియో కాల్‌లో "అక్కా, ఎడమ మోచెయ్యి ఇంకొంచెం లోపలికి, ఎముక మీద ఆనాలి" అని కోచింగ్ మొదలుపెట్టింది. జూన్ ఎండలో ఆ కాన్వాసులో చెమటలు కక్కుతూ ఒక్క మాట కూడా విసుక్కోలేదు ఆ తల్లి. "ఎదిగే పిల్ల కదా, రెండు సైజులు పెద్దది తీసుకుందాం" అని మా ఇంటావిడ అంటే పెద్దాయన ఒప్పుకోలేదు, వదులుగా ఉంటే జాకెట్ ఉన్నా లేనట్టే, బటన్లు జరిపి కుట్టుకునే వీలుంది, అది చాలన్నాడు. అమ్మకం పోయినా పర్వాలేదన్నట్టు మాట్లాడే దుకాణదారుని నేను చాలా రోజుల తర్వాత చూశా. జమ్మికుంటలో వాళ్ల అమ్మానాన్నలకి ఫోన్ చేసి చెప్పాను, ఇలాంటి బిడ్డని కన్నందుకు మీకు దండం అని.

అదే రేంజ్‌లో మన దేశపు షూటర్ ఇలవేనిల్ వలరివన్‌కి ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం వచ్చింది ఆ వారంలోనే. 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన రేంజ్ అది, ఇప్పటికీ పెళ్లివారి ఇల్లులా కళకళలాడుతోంది. సరే, దాని గురించి ఇంకోసారి.

మా బావమరిదికి థ్యాంక్స్ చెబితే తిడతాడు, అయినా చెబుతున్నా. బిల్లులో ఒక్కో వస్తువూ ఇంగ్లీషులో విడివిడిగా, పాస్‌పోర్ట్ పేరుతో రాయించింది అతనే. అక్కడ 19 శాతం పన్ను కలిపి ధర ఉంటుంది, బయటి దేశం వాళ్లం కాబట్టి అందులో కొంత వెనక్కి వస్తుంది. దానికి సామాను చెక్ ఇన్‌లో ఇచ్చేసేలోగానే కస్టమ్స్ కౌంటర్‌లో చూపించి కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. ట్యాగు వేయించి, బ్యాగు మళ్లీ తీసుకుని, ముద్ర వేయించి, అప్పుడు బెల్టు మీద పెట్టాం. ఇవన్నీ అతనికి తెలిసినవి కావు, మా కోసం తెలుసుకున్నాడు.

ఇక శంషాబాద్. "గ్రీన్ ఛానెల్‌లో తల దించుకుని నడిచెయ్, ఎవడూ అడగడు", "సగం బిల్లు వదిన పేరు మీద వేయించు, లిమిట్‌లోకి వచ్చేస్తుంది" అని సలహాలిచ్చిన మిత్రులందరికీ ఇక్కడి నుంచే నమస్కారం. మేం దిగిన రోజుకి ఉన్న రూలు ప్రకారం ఒక్కో ప్రయాణికుడికి 50 వేల రూపాయల దాకా సుంకం లేదు, ఇద్దరి లిమిట్లూ కలిపి ఒకే వస్తువు మీద వాడుకోవడం కుదరదు, దాటిన దాని మీద సర్‌చార్జితో కలిపి 38.5 శాతం కట్టాలి. మా బిల్లు దాటింది. సుంకం కట్టాల్సిన వాళ్లు పోయే రెడ్ ఛానెల్‌కి వెళ్లాం.

బ్యాగు తెరవగానే అక్కడున్న ఆఫీసర్ జాకెట్ బయటికి తీసి బల్ల మీద పెట్టారు. అది పడిపోకుండా, లోపల మనిషి ఉన్నట్టు నిటారుగా నిలబడింది. చుట్టూ ఉన్న నలుగురూ చూడ్డం మొదలుపెట్టారు. "ఏంటండీ ఇది, బుల్లెట్ ప్రూఫా?" అన్నారు. నాకు టెన్షన్‌తో నోట మాట రాలేదు. మా ఇంటావిడే ఫైలు తీసి బిడ్డ అసోసియేషన్ కార్డు, పోటీల సర్టిఫికెట్, సార్ రాసిచ్చిన లెటర్, బిల్లు వరుసగా పెట్టింది. పక్క కౌంటర్ మేడం వచ్చి బూట్లు తిప్పి చూశారు, అడుగు పలకలా చదునుగా ఉంటుంది కదా, వీటితో ఎలా నడుస్తారని నవ్వి "ఇషా సింగ్ ఆడే ఆటేనా?" అని అడిగారు. ఆమెది పిస్టల్ మేడం, మాది రైఫిల్ అన్నా. అక్కడి నుంచి పని చకచకా అయిపోయింది. స్టాండు మాత్రం విప్పి గొట్టాల లోపల కూడా చూశారు, చూడాలి కూడా, వాళ్ల పని అది. యూరో లెక్క బ్యాంకు రేటు కాకుండా కస్టమ్స్ వాళ్లు ప్రకటించే రేటుతో కట్టి, 50 వేలు తీసేసి, మిగిలిన దాని మీద ఎంతో కాగితం మీద వేసి నాకు అర్థమయ్యేలా చూపించారు. కట్టాను, రసీదు ఇచ్చారు. పోయేటప్పుడు "పాపకి ఆల్ ది బెస్ట్ చెప్పండి" అన్నారు ఆ మేడం. చెప్పాను మేడం. ఎయిర్‌పోర్ట్ అంటే చేతులు తడపాలి, బతిమాలాలి అని విని విని భయంతో పోయిన వాడిని, మీ ఇద్దరికీ ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఉప్పల్ నుంచి హనుమకొండ బస్సులో అంత పెద్ద బ్యాగు డిక్కీలో అడుగున పడకుండా పైన పెట్టించిన కండక్టర్ అన్నకి, రాత్రి నయీంనగర్‌లో బండేసుకుని వచ్చి నిలబడ్డ మా పక్కింటి తమ్ముడికీ థ్యాంక్స్.

బిడ్డ ఆ రాత్రే వేసుకుని హాల్లోంచి వంటింటి గోడ మీదున్న టార్గెట్ వైపు నిలబడి చూసుకుంది, సరిపోయింది, కింది బటన్ ఒక్కటి జరపాలి. పాత జాకెట్, ప్యాంటు ఉతికి ఆరేసి ఉంచాం, కుట్లన్నీ గట్టిగానే ఉన్నాయి, పన్నెండు పదమూడేళ్ల పిల్లలకి వస్తాయి. హనుమకొండ, కాజీపేట, పరకాల, జనగామ వైపు ఎవరి పిల్లలైనా రైఫిల్ మొదలుపెడుతుంటే మా ఇంటికి తీసుకొచ్చి వేసి చూడండి, సరిపోతే తీసుకుపోండి, డబ్బులు వద్దు. సాయంత్రం ఆరు దాటితే ఇంట్లోనే ఉంటాం, బిల్లూ సుంకం రసీదూ ఎలా ఉంటాయో చూడాలన్నా అప్పుడే రండి.