గిడుగు పంతులు గారి పేరున, సవర ఒకటో తరగతి కోసం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆగస్టు 29 వస్తోంది. ఏటా లాగే గిడుగు వెంకట రామమూర్తి గారి పటానికి దండ పడుతుంది. బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతారు, తెలుగు భాషా దినోత్సవం ఫ్లెక్సీలు కడతారు. వారం తిరిగేసరికి సెప్టెంబరు 5న గురుపూజోత్సవం. ఆ రోజు మాత్రం ఆయన పేరు ఎత్తేవాళ్లు కనబడరు. 1880 నుంచి 1911 దాకా పర్లాకిమిడిలో పాఠం చెప్పిన మనిషి ఆయన. మా ఉత్తరాంధ్రలో పంతులు అంటే ముందుగా బడి పంతులే. ఆయన్ని కూడా జనం గిడుగు రామమూర్తి పంతులు అనే పిలిచారు.

తెలుగు కోసం ఆయన చేసింది అందరికీ తెలుసు, కాబట్టి దాన్ని ఇక్కడ తిరగేయం. బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొరకి, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఒకటి ఎందుకున్నాయన్న సందేహం రావడం, అది గురజాడ, గిడుగు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల చేతుల్లో ఉద్యమంగా మారడం 1906 తర్వాతి సంగతి. అంతకు చాలా ముందే పంతులు గారు అదే ప్రశ్నను కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లల విషయంలో వేసుకుని, జవాబు కూడా వెతుక్కున్నారు. మేము మాట్లాడదలుచుకున్నది ఆ జవాబు గురించే.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ముఖలింగేశ్వరుడి గుడికి అందరూ మొక్కడానికి వెళతారు. పంతులు గారు గోడల మీద శాసనాలు చదవడానికి కూడా వెళ్లారు. పాత లిపులు ఎవరూ నేర్పలేదు, పుస్తకాలు తెప్పించుకుని తనంతట తనే నేర్చుకున్నారు. సవర భాష నేర్చుకున్నదీ ఇంచుమించు ఆ పట్టుదలతోనే. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా రాసుకున్నారు. ఆ తర్వాత కొండలెక్కి గూడేల్లో తిరిగారు. సవరలో వాచకాలు, కథలు, పాటలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో బడి పెట్టండి అన్నారు. కొండల్లో పట్టిన మన్యం జ్వరానికి మింగిన క్వినైను ఆయన చెవుల్ని తినేసింది. సవర గొంతులో మనకి వినబడని ధ్వనుల్ని పట్టుకున్న చెవులవి. అయినా పని ఆగలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి.

ఇక ఇప్పటి సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తేవాలని పని మొదలైంది. మంచి పని. రాజ్యాంగం 350ఎ అధికరణం, 2020 జాతీయ విద్యావిధానం కోరేదీ ఇదే. వాచకం ఉన్నంత మాత్రాన పాఠం నడవదు. ఎక్కడ తన్నుకుంటుందో ఒక్కొక్కటీ చెబుతాం.

ముందు అక్షరాల దగ్గరకి రండి. సవర ద్రావిడ భాష కాదు, ముండా భాష. సంతాలీ, ముండారీలకి చుట్టం. దాన్ని తెలుగు లిపిలో రాస్తే కొన్ని అక్షరాలు మిగిలిపోతాయి, కొన్ని చాలవు. మిగిలేవి ఒత్తక్షరాలు. అచ్చ సవర మాటల్లో ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ ఉండవు. అంటే ఒకటో తరగతి పిల్లవాడికి ఆ పది అక్షరాలతో మొదటి ఏడాది పనే లేదు. అయినా గోడ మీద తెలుగు వర్ణమాల చార్టు ఉంది కాబట్టి టీచరు వరసపెట్టి అన్నీ దిద్దిస్తారు. పిల్లవాడు తన నోట ఎన్నడూ పలకని ధ్వనికి గుర్తులు బట్టీ పడతాడు. మ, న, ల, క, త, ప, బ లాంటి రెండు భాషలకీ ఉమ్మడి అక్షరాలతో మొదలుపెట్టి, వారానికి మూడు చొప్పున నేర్పి, వాటితో అయ్యే మాటలు మాత్రమే చదివిస్తే దసరా సెలవుల నాటికి చిన్న వాక్యాలు చదవగలడు. ఒత్తక్షరాలు తెలుగు వాచకంతో పాటు రెండో తరగతిలో వస్తే చాలు.

చాలని వాటిలో ముఖ్యమైనది గొంతు దగ్గర గాలి ఠక్కున ఆగే ధ్వని. సవరలో పిల్లవాణ్ని ఒ'ఒన్ అంటారు. నీళ్లని ద'అ అంటారు. రెండు అచ్చుల మధ్య గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. దీనికి తెలుగులో అక్షరం లేదు. పైన కామా లాంటి గుర్తు పెట్టకుండా ఒఒన్ అని అచ్చువేస్తే టీచరు ఓన్ అని చదువుతారు, దఅ కాస్తా దా అయిపోతుంది. తరగతిలో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ గుర్తు ఎందుకు పోతుందో కూడా చెబుతాం. పాత డీటీపీ ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు ఒకసారి రాలిపోతుంది. మిగిలింది ప్రూఫు దిద్దేవాళ్ల చేతిలో పోతుంది, మాట మధ్యలో కొటేషన్ గుర్తు పొరపాటున పడిందనుకుని కొట్టేస్తారు. తప్పు వాళ్లది కాదు. ఇది అక్షరమేనని, కొటేషన్ గుర్తు కాదని వాళ్లకి ఒక కాగితం మీద రాసి ఇచ్చినవాళ్లు లేరు.

అలాగే మాట చివరి ఙ్. మన వర్ణమాలలో దానికి చోటుంది గాని, ఒంటరిగా పలికే అవసరం తెలుగువాడికి రాదు. ఇంటికి సవర మాట సిఙ్ లాగా వినిపిస్తుంది. అందులో అచ్చు మన ఇ కాదు, ఇ–ఉల మధ్య నలిగే ధ్వని. తెలుగు నాలుక చివర ఒక గ్ తగిలించి సింగ్ అనేస్తుంది. వాచకంలో ఙ్ వచ్చిన ప్రతి మాట పక్కనా బొమ్మ ఉంటే, పిల్లవాడు బొమ్మ చూసి సరిగ్గా పలుకుతాడు, టీచరు వాడి దగ్గర నేర్చుకుంటారు. ఇందులో నామోషీ ఏమీ లేదు, పంతులు గారు చేసిందీ అంతే.

లిపి గురించి ఒక మాట. ఒడిశా వైపు 1936లో మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే 24 అక్షరాల లిపి తయారు చేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి కూడా చేరింది. సవరలు దాన్ని గౌరవంగా చూస్తారు. మన బడిలో మాత్రం రెండో ఏడాదికే పిల్లవాడు తెలుగు చదవాలి కాబట్టి తెలుగు లిపే నయం అని మా అభిప్రాయం. ఆ 24 అక్షరాలూ వాచకం వెనక అట్ట మీద వేస్తే గొడవ ఉండదు.

అక్షరాల కన్నా లెక్కల్లో దెబ్బ పెద్దది. దీన్ని పట్టించుకున్న శిక్షణ తరగతి చాలా అరుదు. సవరలో అంకెలు పది దగ్గర ఆగవు. గెల్జి అంటే పది, గెల్ముయ్ పదకొండు, మిగెల్ పన్నెండు. అక్కడ మలుపు తిరుగుతాయి. పదమూడు మిగెల్‌బొయ్, అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది మిగెల్‌గుల్జి, పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్లీ కొత్త కట్ట, బొకుడి. ముప్పై మూడు అనాలంటే ఇరవైకి పన్నెండు, ఆ పైన ఒకటి. ఇప్పుడు టీచరు బోర్డు మీద పదుల గడి, ఒకట్ల గడి గీసి 19 ఎలా వచ్చిందని అడిగితే, ఇంట్లో ఇలా లెక్కపెట్టే పిల్లకి ఆ గీతలో అర్థం కనబడదు. విన్నది విన్నట్టు రాస్తే 12 పక్కన 7, అంటే 127 అవుతుంది. దాన్ని తప్పని కొట్టేసి పిల్లకి లెక్కలు రావని రాసుకుంటాం. నిజానికి ఆ పిల్ల పన్నెండుకి ఏడు కూడడం నోటితోనే చేసేసింది.

దీనికి మందు సులువే. తరగతికి ఒక సంచిలో వంద చింతపిక్కలు, ఇరవై పుల్లలు చాలు. మొదటి నెల పిక్కల్ని సవర లెక్కలోనే పన్నెండు, ఇరవై కుప్పలు పెట్టించాలి. రెండో నెలలో ఇరవై కుప్పని పిల్లల చేతే రెండు సమాన కుప్పలుగా చీల్పించాలి. అక్కడ పది దానంతట అదే బయటపడుతుంది. ఒక్కో పదికి ఒక పుల్ల మారకం. తర్వాత పన్నెండు కుప్పలోంచి పది పిక్కలు తీసి ఒక పుల్ల పెడితే రెండు పిక్కలు మిగులుతాయి, అదే 12 అని రాయడానికి కారణం. ఇరవై నుంచి పదికి రావడం తేలిక, పన్నెండు నుంచి రావడం కష్టం. చాలామంది వరస తిరగేసి పన్నెండుతో మొదలుపెట్టి తడబడతారు. సంతకి వెళ్లే ఇళ్ల పిల్లలు తెలుగు అంకెలతో కూడా వస్తారు. వాళ్లని అదే తరగతిలో దుబాసీలుగా వాడుకోవచ్చు.

టీచరు సంగతి మీకు మాకన్నా బాగా తెలుసు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్లో కొట్టేసింది. ఆ జీవో ఉన్న రోజుల్లో కూడా భాష ఎవరూ అడగలేదు. జాతాపు టీచరు గిరిజనులే, అయితే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ. వాళ్లని సవర గూడెంలో వేస్తే కాగితం మీద అంతా సక్రమమే, తరగతిలో మాత్రం మళ్లీ తెలుగే. బదిలీల పట్టికలో టీచరు మాట్లాడే భాషకి ఒక గడి, ఆవాసంలో పిల్లల ఇంటి భాషకి ఒక గడి చేర్చండి. రెండూ కలవని చోట ఆ గూడెంలోనే పదో తరగతి దాటిన సవర అమ్మాయినో అబ్బాయినో భాషా వాలంటీరుగా జూన్ నుంచే పెట్టండి. నవంబరులో పెడితే అప్పటికే పిల్లలు బడిలో నోరు మూసుకోవడం నేర్చేసుకుంటారు.

వాచకం కూర్పులో మంచి ఉద్దేశంతోనే జరిగే పొరపాటు ఒకటుంది. ప్రతి సవర వాక్యం కిందా తెలుగు అర్థం వేస్తారు. టీచరు కన్ను తెలుగు వాక్యం మీదే పడుతుంది, అదే చదివి పాఠం ముగిస్తారు. తెలుగు అర్థాలు టీచరు చేతిపుస్తకంలోకి వెళ్లాలి, పిల్లల పుస్తకంలో ఉండకూడదు. అచ్చు 24 పాయింట్లకి తగ్గకూడదు, పేజీకి నాలుగు వాక్యాలు దాటకూడదు. తెలుగు మాటలు, పాటలు మొదటి రోజు నుంచీ రోజుకో అరగంట నోటితోనే నేర్పాలి. రెండో తరగతి సగంలో తెలుగు చదవడం, మూడో తరగతికి సగం సగం.

ఇక పంతులు గారి పుస్తకాలు. 1931 నాటి వ్యాకరణం అట్ట మీద సవర పేరు రోమన్ అక్షరాల్లో ఎలా ఉందో చూడండి: సో తర్వాత రెండు చుక్కలు, రా తర్వాత రెండు చుక్కలు. ఆ చుక్కలు దీర్ఘానికి గుర్తు. లోపలి పేజీల్లో కూడా ధ్వనికో గుర్తు. మామూలుగా స్కాన్ చేసి కంప్యూటరు చేత చదివిస్తే ముందు పోయేవి ఈ చుక్కలే. అందుకని 600 డీపీఐలో, నలుపు–తెలుపులో కాకుండా బూడిద ఛాయల్లో స్కాన్ చేయాలి. నలుపు–తెలుపు పెడితే సన్న చుక్కని మరకనుకుని తీసేస్తుంది. తర్వాత ఇద్దరు విడివిడిగా టైపు చేయాలి. రెండు ఫైళ్లూ పోల్చి, తేడా వచ్చిన మాటల్ని మాత్రమే సవర మాట్లాడే పెద్దవాళ్లకి వినిపించి తేల్చుకోవాలి. ప్రతి మాటనీ ముగ్గురి గొంతుల్లో రికార్డు చేయాలి, ఒంటరిగా ఒకసారి, వాక్యంలో ఒకసారి. రేకుల కప్పు కింద వానాకాలంలో రికార్డింగు పెట్టుకోకండి, ఏమీ వినబడదు.

వీటన్నిటికీ కొత్త సంస్థ అక్కర్లేదు. సీతంపేట ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ), మీ పాఠ్యపుస్తకాల విభాగం కలిస్తే సరిపోతుంది. కావలసింది తేదీలు. ఈ ఆగస్టు 29న దండతో పాటు ఒక ఉత్తర్వు వెలువడాలి. డిసెంబరుకల్లా అక్షరాల పద్ధతి ఖాయం కావాలి, జనవరిలో ప్రూఫులు గూడేలకి వెళ్లాలి, మార్చిలో అచ్చు, జూన్ మొదటి వారానికి పుస్తకం కొండెక్కాలి. జూలై వానలు పట్టాయంటే దసరా దాకా కట్టలు మండల కేంద్రంలోనే పడి ఉంటాయి.

ప్రూఫుల మీద ఆఖరి సంతకం సవర ఇంటి భాషగా ఉన్న మనిషిది అయి ఉండాలి. ఆ సంతకం పడ్డాక ప్రెస్సులో గాని, డైరెక్టరేట్‌లో గాని ఎవరూ కలం పెట్టకూడదని ఉత్తర్వులోనే రాయించండి. ముఖ్యంగా ఒ'ఒన్ మధ్యలో ఆ చిన్న గుర్తు జోలికి ఎవరూ పోకూడదు.

ఇట్లు,
సవర పిల్లల చదువు గురించి పట్టించుకునే కొందరు ఉపాధ్యాయులు